'పోరి' నుండి 'మేడమ్' దాకా: చేవెళ్ల–మొయినాబాదు ప్రాంతపు తెలుగులో యువతుల సంబోధనలు – చారిత్రక పరిశీలన

సంగ్రహం:

ఆడపిల్లను, యువతిని పిలిచే మాటలలో ఒక సమాజం ఆమెకు ఇచ్చిన చోటు కనిపిస్తుంది. తెలంగాణ పల్లె తెలుగులో ఈ పిలుపులు బంధుత్వం, వయస్సు, కులం అనే మూడు కొలతల మీద నిలిచాయి. ఇరవయ్యో శతాబ్దంలో మిస్, సిస్టర్, మేడమ్, ఆంటీ, బేబీ, డార్లింగ్ వంటి ఆంగ్లపదాలు వీటి నడుమకు వచ్చాయి. ఈ పదాలు ఏ మార్గాల ద్వారా ప్రవేశించాయో, ఏ అవసరాన్ని తీర్చాయో, ఏ కొత్త చిక్కును తెచ్చాయో రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలోని చిన్న మంగళారం పరిసర ప్రాంతాన్ని ఆధారభూమిగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సంబోధన, బంధువాచకాలు, అర్థపరిణామం, ఆంగ్ల ఆదానపదాలు, తెలంగాణ తెలుగు, స్త్రీవిద్య, చేవెళ్ల, మొయినాబాదు.

1. ఉపోద్ఘాతం:

చిన్న మంగళారం, పెద్ద మంగళారం అనే జంట ఊళ్ల పేర్లలో ఉన్న చిన్న–పెద్ద భేదమే తెలుగు బంధువాచకాలలోనూ ఉంది. చిన్నమ్మ, పెద్దమ్మ, చిన్నాయన, పెదనాయన. ఎవరినైనా పిలవడానికి ముందు వారు తనకంటే చిన్నా, పెద్దా అని తేల్చుకోవడం తెలుగువారికి అలవాటు. వరుస తేలనిదే పిలుపు పుట్టదు.

ఈ ఊళ్లున్న ప్రాంతానికి భాషాచరిత్ర దృష్ట్యా ఒక ప్రత్యేకత ఉంది. ఒకవైపు చేవెళ్ల దిక్కున కూరగాయలు పండించే పల్లెలు. మరొకవైపు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు దాటితే హైదరాబాదు నగరం. నడుమ గండిపేట, అజీజ్‌నగర్, చిలుకూరు పరిసరాలలో ఇంజనీరింగు కళాశాలలు. అమెరికా ప్రయాణం కోరేవారి మొక్కుల వల్ల 'వీసా బాలాజీ'గా పేరుపొందిన చిలుకూరు వేంకటేశ్వరుని ఆలయం కూడా ఈ మండలంలోనిదే. పల్లె తెలుగు, నగరపు ఉర్దూ, కళాశాలల ఆంగ్లం ఒకే రహదారి మీద ఎదురుపడే చోటు ఇది. కనుక పిలుపుల మార్పును గమనించడానికి అనువైనది.

సంబోధనకూ ప్రస్తావనకూ భేదం పాటించడం ఈ పరిశీలనకు అవసరం. ఎదుట ఉన్న వ్యక్తిని పిలవడం సంబోధన. లేని వ్యక్తిని గురించి చెప్పడం ప్రస్తావన. ఒకే పదం ప్రస్తావనలో నిర్దోషంగా ఉండి సంబోధనలో అవమానం కావచ్చు. తెలంగాణలో 'పోరి' అనే పదమే ఇందుకు నిదర్శనం. ఇంటివారు 'మా పోరి బడికి పోయింది' అంటే అందులో వాత్సల్యమే ఉంటుంది. దారిన పోయే పరాయి యువకుడు అదే మాటతో పిలిస్తే వాత్సల్యం ఉండదు. పదం మారలేదు, పలికినవారి హక్కు మారింది.

2. ఊరి తెలుగులో పిలుపుల వరుస:

తెలుగులో ఆడపిల్లను సూచించే పిల్ల, పాప, బిడ్డ అనే పదాలు మూలంలో లింగభేదం లేనివి. మగవారిని చెప్పడానికి 'పిల్లవాడు', 'పాపడు' అని పుంలింగప్రత్యయం చేర్చవలసి వచ్చింది. ప్రత్యయం లేకుండా మిగిలిన రూపం ఆడపిల్లకు స్థిరపడింది. 'బిడ్డ' తీరప్రాంతంలో సంతానమాత్రార్థంలో నిలవగా, తెలంగాణలో 'కొడుకు'కు ఎదురుగా 'కూతురు' అనే అర్థానికి సంకోచించింది. అయితే సంబోధనలో పాత వ్యాప్తి పోలేదు. 'బిడ్డా' అని కొడుకునూ కూతురునూ పిలుస్తారు. విశేషమేమంటే ఆంగ్లంలోనూ ఇదే జరిగింది. 'గర్ల్' అనే పదం మధ్యయుగపు ఆంగ్లంలో ఆడ, మగ భేదం లేకుండా పిల్లలందరికీ వాడుక. తరువాతి శతాబ్దాలలోనే ఆడపిల్లకు పరిమితమైంది.

చనువును, చిన్నచూపును తెలిపే నిపాతాలలో మాత్రం తెలుగు స్పష్టమైన లింగభేదం పాటిస్తుంది. మగవారికి 'ఒరే', 'రా'. ఆడవారికి 'ఒసే', 'ఏ'. 'రారా', 'రావే' అనే జంటలో రెండోది తల్లి నోట ముద్దు, స్నేహితురాలి నోట చనువు, అత్త నోట అధికారం. పరాయి పురుషుని నోట అది తిరస్కారం.

తెలుగు క్రియారూపాలు ఈ సమస్యను మరింత పదును చేస్తాయి. ఏకవచనంలో స్త్రీవాచకానికీ అమహద్వాచకానికీ క్రియ ఒకటే: 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. పురుషునికి 'వచ్చాడు', 'వచ్చిండు' అనే ప్రత్యేకరూపం ఉంది. స్త్రీకి క్రియలో ప్రత్యేకత కావాలంటే గౌరవ బహువచనాన్ని ఆశ్రయించాలి. తెలంగాణ పల్లెల్లో ఆ బహువచనం ధారాళంగా వాడే అలవాటు తక్కువ. కాబట్టి ఆమెకు ఇచ్చే గౌరవభారమంతా పిలుపు మీదనే పడుతుంది. అక్క, వదినె, చిన్నమ్మ, అవ్వ అనే బంధువాచకాలు ఈ భారాన్ని మోశాయి.

ఈ వ్యవస్థకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది: ద్రావిడ బంధుత్వవ్యవస్థలో ప్రతి వరుసా పెండ్లికి సంబంధించిన సూచన చేస్తుంది. 'చెల్లె' అంటే పెండ్లాడకూడనిది. 'మరదలు' అంటే పెండ్లాడదగినది. యువతిని వరుస పెట్టి పిలిస్తే ఆమెను ఈ రెండింటిలో ఒక గడిలో కూర్చోబెట్టినట్లే. ఏ గడిలోనూ కూర్చోని పరాయి యువతికి తగిన తటస్థమైన పిలుపు లేదు. రెండవది: కులం. భూస్వామ్య తెలంగాణలో పైకులాల స్త్రీ 'దొరసాని' కాగా, శ్రామికకులాల స్త్రీ పేరు చివరి 'అమ్మ' ఊడిపోయింది. లచ్చమ్మ 'లచ్చి', ఎల్లమ్మ 'ఎల్లి', మల్లమ్మ 'మల్లి' అయ్యారు. వయస్సులో పెద్దదైన స్త్రీని కూడా చిన్నవాడైన దొర ఇలాగే పిలిచాడు. చిన్న–పెద్ద న్యాయం కులం ఎదుట చెల్లలేదు.

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరపు భాషల సర్వనామాల మీద ప్రకటించిన అధ్యయనంలో సంబోధనను 'అధికారం', 'సంఘీభావం' అనే రెండు అక్షాల మీద వివరించారు. ఇద్దరూ ఒకే తీరున పిలుచుకుంటే సంఘీభావం. ఒకరు ఒక తీరున, మరొకరు మరొక తీరున పిలిస్తే అధికారం. 'దొరసాని'–'లచ్చి' జంట రెండవ దానికి తెలంగాణ నిదర్శనం.

3. సాని, మిస్ట్రెస్ – గౌరవం జారిన మాటలు:

స్త్రీవాచకాల అర్థపరిణామంలో ఒక ధోరణి తరచుగా కనిపిస్తుంది. గౌరవార్థకంగా పుట్టిన పదం కాలక్రమంలో నీచార్థానికి దిగుతుంది. దీనినే భాషాశాస్త్రజ్ఞులు అర్థాపకర్ష అన్నారు. సంస్కృత 'స్వామిని' నుండి వచ్చిన 'సాని' యజమానురాలు, దొడ్డ ఇల్లాలు అనే అర్థం గలది. మధ్యయుగ ఆంధ్రదేశపు శాసనాలలో దేవాలయ సేవలో ఉండి దానాలు చేసిన స్త్రీలకు ఈ పదం గౌరవంగానే వాడుకైంది. తరువాతి కాలంలో 'సాని' అంటే వేశ్య అనే అర్థం స్థిరపడింది. అదే పదం 'దొరసాని' అనే సమాసంలో మాత్రం దొర అండతో గౌరవం నిలుపుకొన్నది. కోస్తాజిల్లాలలో తెల్లదొరల భార్యలకూ ఆ పేరే వర్తించింది.

ఆంగ్లంలో 'మిస్ట్రెస్' చరిత్ర దీనికి దగ్గరి పోలిక. ఇంటి యజమానురాలు అనే అర్థం గల ఆ పదం ఉంపుడుగత్తె అనే అర్థానికి జారింది. దాని నుండి చీలిన 'మిసెస్', 'మిస్' అనే సంక్షిప్తరూపాలు మాత్రం మర్యాదను కాపాడుకొని, ఒకటి వివాహితకు, మరొకటి అవివాహితకు గుర్తుగా నిలిచాయి. గృహిణి అనే అర్థం గల 'హౌస్‌వైఫ్' నుండి పుట్టిన 'హస్సీ' తిట్టుగా మారింది. మగవారికి వాడే 'సర్', 'మాస్టర్', 'దొర', 'అయ్య' అనే మాటలకు ఇంతటి పతనం కలగలేదు. ఈ రెండు భాషల సాదృశ్యం ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడడం వల్ల కలిగినది కాదు. రెండు సమాజాలూ స్త్రీని చూసిన చూపు ఒకటి కావడం వల్ల కలిగినది. కనుక ఆంగ్లపదాన్ని అరువు తెచ్చుకుంటే ఆ చూపు నుండి విముక్తి దొరుకుతుందనే భావన చరిత్రకు నిలవదు.

4. ఉర్దూ నీడ, తెలుగు బడి:

నిజాం పాలనలో హైదరాబాదు చుట్టుపక్కల ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాగా ఉండేది. అందులో ఎక్కువ భాగం నిజాం సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫెఖాస్. రాజభాష అయిన ఉర్దూ నుండి బేటీ, బీబీ, బేగం, ఆపా వంటి పిలుపులు నగర జీవితంలో వినిపించాయి. కూతురును 'బేటా' అని పుంలింగంలో ముద్దుచేసే ఉర్దూ–హిందీ అలవాటుకు, కూతురును 'కొడుకా', 'నాయినా' అని లాలించే తెలంగాణ అలవాటుకు పోలిక స్పష్టం. ముద్దు ఎక్కువైనప్పుడు ఆడపిల్లను మగపిల్లవాడిని చేసి పిలవడం ఈ రెండు భాషలూ పంచుకున్నవి. దీనిలోని విలువల తూకం వేరుగా చెప్పనవసరం లేదు.

స్త్రీవిద్య విస్తరించిన కొద్దీ కొత్త పిలుపుల అవసరం ఏర్పడింది. ఆంధ్రప్రాంతంలో కందుకూరి వీరేశలింగం స్థాపించిన 'సతీహితబోధిని' (1883), రాయసం వెంకటశివుడు నడిపిన 'తెలుగు జనానా' (1893), 'హిందూ సుందరి' (1902) పత్రికల పేర్లే నాటి స్త్రీని ఎన్ని తీరులుగా సంబోధించారో చెబుతాయి: సతి, జనానా, సుందరి. పాఠకురాలిని పేరు పెట్టి కాక గుణం పెట్టి పిలిచిన కాలం అది. సంస్కరణ సభలలో 'సోదరీమణులారా' అనే సంబోధన ప్రచారం పొందింది. అది బంధువాచకమే అయినా ఊరి వరుసలకు, కులానికి అతీతంగా సభలోని స్త్రీలందరికీ ఒకే తీరున వర్తించడం దానిలోని కొత్తదనం.

హైదరాబాదు రాజ్యంలో 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ జరిగింది. 1936 షాద్‌నగర్ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డి స్వగ్రామం పెద్ద మంగళారం. తరువాత ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో నెలకొల్పిన తెలుగు బాలికల ఉన్నత పాఠశాల, ఉస్మానియా ఉర్దూ మాధ్యమం అడ్డురావడం వల్ల పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకోవలసి వచ్చింది. తెలుగు ఆడపిల్ల తెలుగులో చదువుకోవడమే పోరాటమైన ఆ కాలంలో, ఆమెను బడిలో ఏమని పిలవాలనే ప్రశ్నకు జవాబు మరొక దిక్కు నుండి వచ్చింది.

5. 'మిస్సమ్మ' – మిషను బడి నుండి వెండితెరకు:

ఆంగ్ల సంబోధనకు మొదటి ద్వారం క్రైస్తవ మిషను బడి, ఆసుపత్రి. హైదరాబాదులోని స్టాన్లీ బాలికల పాఠశాల (1895), చేవెళ్లకు పడమట ఉన్న వికారాబాదులోని మెథడిస్టు మిషను సంస్థలు ఈ ప్రాంతానికి దగ్గరివి. పెండ్లి చేసుకోకుండా, తండ్రి, భర్త తోడు లేకుండా, జీతానికి పనిచేసే చదువుకున్న యువతి తెలుగు సమాజానికి కొత్త. వరుసల పట్టికలో ఆమెకు గడి లేదు. 'మిస్' అనే మాట ఆ ఖాళీలోకి వచ్చింది. నర్సుకు, సన్యాసినికి 'సిస్టర్' అనే పేరు ఏర్పడింది.

అయితే తెలుగు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లు తీసుకోలేదు. 'మిస్'కు 'అమ్మ' చేర్చి 'మిస్సమ్మ' అన్నది. ఇదే పద్ధతిలో టీచరమ్మ, నర్సమ్మ, డాక్టరమ్మ ఏర్పడ్డాయి. ఇవి ఆంగ్లపదానికి తెలుగు ప్రత్యయం తగిలించిన సంకరరూపాలు మాత్రమే కావు. మొదటి సగం ఆమె వృత్తిని, రెండవ సగం ఆమెకు ఇవ్వవలసిన గౌరవాన్ని చెబుతుంది. శ్రామికకులాల స్త్రీల పేర్ల నుండి ఊడదీసిన 'అమ్మ'నే ఈ వృత్తిపదాలకు తగిలించడం గమనార్హం. చదువు కులంతో నిమిత్తం లేకుండా ఆ 'అమ్మ'ను తిరిగి ఇచ్చింది.

ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955 జనవరిలో విడుదలైన విజయావారి 'మిస్సమ్మ' చలనచిత్రం ఈ పదాన్ని ఇంటింటికీ చేర్చింది. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు ఉపాధ్యాయుల కథలో నాయిక అవివాహిత. 'మిసెస్'గా నటించవలసిన 'మిస్' ఆమె. పెండ్లి అయినదా, కాలేదా అనే ఒక్క ప్రశ్న మీదనే యువతిని పిలిచే మాట ఆధారపడడంలోని ఇబ్బంది ఆ హాస్యానికి మూలం. ఆంగ్లసమాజమూ ఈ ఇబ్బందిని గుర్తించింది. వివాహభేదం తెలపని 'మిజ్' అనే రూపాన్ని 1901లోనే ఒక అమెరికా పత్రిక ప్రతిపాదించినా, 1970ల స్త్రీవాద ఉద్యమం దాకా అది నిలదొక్కుకోలేదు.

ఆంగ్లపదాలు ఎవరి మధ్య పుట్టాయో కూడా గమనించాలి. గురజాడ 'కన్యాశుల్కం' (తొలి ముద్రణ 1897)లో గిరీశం ఆంగ్ల సంబోధనలు శిష్యుడైన వెంకటేశానికి దక్కుతాయి. బుచ్చమ్మను వశం చేసుకోవడానికి అతనికి పనికివచ్చినది 'వదిన' అనే తెలుగు వరుస. ఆడపిల్లను ఆంగ్లంలో పిలిచే ధైర్యం నాటి ఆంగ్లమోజుకు కూడా చాలలేదు.

6. చెల్లెమ్మ, కామ్రేడ్, మేడమ్:

రెండవ ద్వారం రాజకీయం, కార్యాలయం. తెలంగాణ సాయుధపోరాటంలో (1946–51) స్త్రీలకు, పురుషులకు సమానంగా 'కామ్రేడ్' అనే పిలుపు వర్తించింది. లింగభేదం, కులభేదం లేని సంబోధన పల్లె స్త్రీకి దక్కిన తొలి సందర్భాలలో అది ఒకటి. అయినా దళాలలో బంధువాచకం కూడా బతికింది. మల్లు స్వరాజ్యం 'రాజక్క'గా ప్రసిద్ధురాలు. అదే పోరాటపు ప్రతీకగా నిలిచిన చిట్యాల ఐలమ్మను లోకం కులనామంతో 'చాకలి ఐలమ్మ' అన్నది. 1924లో మొదలై 1949లో కోఠీ రెసిడెన్సీ భవనానికి మారిన మహిళా కళాశాల విశ్వవిద్యాలయమై, 2024లో 'వీరనారి చాకలి ఐలమ్మ' పేరును స్వీకరించింది. చిన్నచూపుకు గుర్తుగా ఉన్న పదం గౌరవనామంలో భాగం కావడం అర్థోత్కర్షకు అరుదైన ఉదాహరణ.

చేవెళ్ల పేరుతో ముడిపడిన సంబోధన 'చేవెళ్ల చెల్లెమ్మ'. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్ల నుండి పాదయాత్ర ప్రారంభించారు. నాటి చేవెళ్ల శాసనసభ్యురాలు సబితా ఇంద్రారెడ్డిని ఆయన ఈ పేరుతో పిలవడం, అది జనం నోళ్లలో నాటుకోవడం తెలిసినదే. 2009లో ఆమె హోంమంత్రి అయ్యారు. రాష్ట్రంలో ఆ శాఖ చేపట్టిన తొలి మహిళగా పేరుపొందారు. ఒకే వ్యక్తికి సభావేదిక మీద 'చెల్లెమ్మ', కార్యకర్తల నోట 'అక్క', సచివాలయంలో 'మేడమ్' అనే మూడు పిలుపులు దక్కే రాజకీయ సంస్కృతి మనది. మొదటిది రక్షణను, రెండవది చనువుతో కూడిన పెద్దరికాన్ని, మూడవది పదవిని చెబుతాయి. పురుషనాయకునికి 'తమ్ముడు' అనే పిలుపు అరుదు, 'అన్న' సర్వసాధారణం. స్త్రీ అధికారాన్ని సమాజం ఒప్పుకోవడానికి వరుస అనే మెట్టు ఇంకా కావలసి వస్తున్నది.

'మేడమ్' ఆ మెట్టు లేకుండా గౌరవం ఇవ్వగలిగింది. 'సార్ వచ్చిండు', 'మేడమ్ వచ్చింది' అనే తెలంగాణ వాక్యాలలో క్రియ ఏకవచనంలోనే ఉండగా, గౌరవమంతా ఆంగ్లపదం మోస్తున్నది. బంధువాచకం మోసిన భారమే ఇక్కడ మరొక భుజానికి మారింది. కానీ 'మేడమ్' అందరికీ దక్కదు. 1999లో మొదలైన రైతుబజార్లలో కూరగాయలు అమ్మే స్త్రీ కొనేవారిని 'మేడమ్' అంటుంది. కొనేవారు ఆమెను 'అమ్మా', 'అక్కా' అంటూనే 'నువ్వు' అంటారు. 'దొరసాని'–'లచ్చి' జంటలోని మోటుదనం పోయింది. అసమానత ఇంకా ఉంది.

'ఆంటీ' అనే పదం మరొక రకమైన మార్పు తెచ్చింది. అత్త, పిన్ని, చిన్నమ్మ, పెద్దమ్మ అనే భేదాలను అది ఒకే మాటలోకి కలిపివేసింది. వరుసలోని వివాహసూచన పోయింది. వయస్సు సూచన మిగిలింది. యువతులు ఈ పిలుపును నొచ్చుకోవడానికి కారణం అదే.

7. కళాశాలల దారి – బేబీ, డార్లింగ్, రా:

మూడవ ద్వారం సినిమా, కళాశాల. బాలనటులకు 'మాస్టర్', బాలనటీమణులకు 'బేబీ' అని పేరుకు ముందు చేర్చడం దక్షిణాది సినిమాలలో చిరకాల సంప్రదాయం. ఇళ్లలో 'బేబీ' ముద్దుపేరుగా, అసలు పేరుగా కూడా నిలిచింది. 'ఓ బేబీ' (2019)లో ఆ పేరు వృద్ధురాలిది కావడంలోనే చమత్కారం ఉంది. 'మాస్టర్' బాల్యంతో ముగిసింది. 'బేబీ' మాత్రం అమెరికా వాడుక ప్రభావంతో యువతిని ప్రియురాలిగా పిలిచే మాటగా ఎదిగింది. 'డార్లింగ్', 'డియర్' కూడా ఈ తరగతిలోనివే. ఇవి బంధుత్వపు బాధ్యత లేకుండా దగ్గరితనాన్ని ప్రకటిస్తాయి. ఇద్దరికీ ఇష్టమైతే అది ముద్దు. ఒకరికే ఇష్టమైతే చొరబాటు.

దీనికి ఎదురుగా నేటి కళాశాలల తెలుగులో మరొక ధోరణి బలపడింది. అమ్మాయిలు పరస్పరం 'రా' అనుకోవడం, స్నేహితుడు స్నేహితురాలిని 'ఏంట్రా' అనడం, 'బ్రో', 'డ్యూడ్', 'గయ్స్' అనే పుంలింగ ఆంగ్లపదాలు ఆడపిల్లలకూ వర్తించడం సాధారణమైంది. 'ఒసే'లోని చిన్నచూపు లేని చనువు కోసం యువతరం వెదకిన మార్గమిది. కానీ సమానత్వం కోసం స్త్రీయే పురుషుని పిలుపులోకి వెళ్లవలసి వచ్చింది. అబ్బాయిని 'ఏ' అని పిలిచే స్నేహం ఏర్పడలేదు. 'కొడుకా' అని కూతురును లాలించిన పాత అలవాటే ఇక్కడ కొత్త రూపంలో కనిపిస్తుంది.

8. చట్టం ముందు పిలుపు:

పిలుపు ఇక మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2013లో వచ్చిన పనిప్రదేశ లైంగిక వేధింపుల నిరోధక చట్టం అవాంఛితమైన లైంగిక వ్యాఖ్యలను వేధింపుగా నిర్వచించింది. 2024లో కలకత్తా ఉన్నత న్యాయస్థానపు పోర్ట్‌బ్లెయిర్ ధర్మాసనం, విధుల్లో ఉన్న మహిళా కానిస్టేబులును అపరిచితుడు 'డార్లింగ్' అని పిలవడం భారతీయ శిక్షాస్మృతి 354ఎ సెక్షను కింద నేరమేనని తీర్పు చెప్పింది. సర్వోన్నత న్యాయస్థానం 2023 ఆగస్టులో వెలువరించిన లింగవివక్షా పదాల కరదీపిక 'మిస్ట్రెస్' వంటి మాటలను తీర్పులలో వాడవద్దని సూచించింది. శతాబ్దాల అర్థాపకర్షకు న్యాయస్థానం ఇచ్చిన జవాబు అది.

9. ముగింపు:

• తెలంగాణ పల్లె తెలుగులో యువతికి ఆత్మీయమైన పిలుపులు సమృద్ధిగా ఉన్నా, వరుస, కులం, వయస్సు లేని తటస్థ సంబోధన లేదు. మిస్, సిస్టర్, మేడమ్ అనే ఆంగ్లపదాలు తెలుగు మాటలను తొలగించి రాలేదు. ఈ ఖాళీలోకి వచ్చాయి.

• తెలుగు వాటిని మిస్సమ్మ, టీచరమ్మ వంటి రూపాలలో తనవిగా చేసుకొని, కులం ఊడదీసిన 'అమ్మ'ను చదువు, వృత్తి ద్వారా తిరిగి ఇచ్చింది.

• బేబీ, డార్లింగ్ వంటి అనౌపచారిక పదాలు తటస్థమైనవి కావు. వరుస అడ్డు తొలగించి బాధ్యత లేని చనువును తెచ్చాయి.

• సాని, మిస్ట్రెస్ పదాల సమాంతర పతనం, పరభాషాపదం తనంతట గౌరవాన్ని తేలేదని నిరూపిస్తుంది.

• పిలుపు రెండు వైపులా ఒకే తీరున సాగినప్పుడే అది గౌరవం. కూరగాయలు అమ్మే స్త్రీకి, కొనే స్త్రీకి ఒకే పిలుపు దక్కిన నాడు ఈ చరిత్ర మలుపు తిరుగుతుంది. ఆ పిలుపు 'అక్క' కావచ్చు, 'మేడమ్' కావచ్చు. ఏ భాషదనేది అప్పుడు ప్రధానం కాదు.